యాభై ఏడో పేజీలో మంగళం

పదహారు పేజీల్లో ఒక పెద్ద కాగితం మీద ఏది ఎక్కడ ఉండాలో మేం తలలో పెట్టుకుని తిరిగేవాళ్లమని చెబితే, ఇప్పుడు ప్రెస్సుల్లో చేరే పిల్లలు నవ్వుతారు. "అదంతా కంప్యూటరే చూసుకుంటుంది కదా సార్" అంటారు. చూసుకుంటుంది నాయనా, కాదనను. మీరు బటన్ నొక్కి టీ తాగి వచ్చేసరికి పేజీలన్నీ బుద్ధిగా వరసలో కూర్చుని ఉంటాయి. నవ్వండి. నేనూ ఒకప్పుడు ఇలాగే నవ్వేవాడిని, కాగితం మడిచి చూసుకుంటే తప్ప పని చేయలేని వాళ్లను చూసి. ఆ నవ్వు నాకు ఆళ్లగడ్డలో, మైకు ముందు, రెండు మూడు వందల మంది ఎదుట ఆగిపోయింది. ఆ సంగతే చెబుతాను.

నేను నంద్యాలలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పేస్టింగ్ పని చేసి రిటైరైన మనిషిని. పేస్టింగంటే ఏమిటో చెప్పకపోతే మీకు తక్కిన కథ అర్థం కాదు. కంప్యూటర్లో కూర్చిన పేజీలను ఒక్కొక్కటిగా బటర్ పేపరు మీద తీసి నాకు ఇచ్చేవాళ్లు. కింద ట్యూబులైట్లు వెలిగే గాజుబల్ల మీద నేను వాటిని పెద్ద షీటుకు అతికించాలి. ఒక వైపు ఎనిమిది, రెండో వైపు ఎనిమిది. ఆ షీటుతో ప్లేటు చేసి, ముద్రించి, కాగితాన్ని మూడు సార్లు మడిస్తే పదహారు పేజీలు వరసగా రావాలి. దాన్నే ఫారం అంటాం. మడత పడకముందు చూస్తే పిచ్చివాడు పేర్చినట్టే ఉంటుంది. ఒకటో పేజీ పక్కన పదహారు, ఎనిమిది పక్కన తొమ్మిది, పైవరస అంతా తలకిందులు. పక్కపక్కన ఉన్న రెండు పేజీల అంకెలు కూడితే మొదటి ఫారంలో పదిహేడు రావాలి. అంతే లెక్క.

తెలివిగల పేస్టింగ్ వాళ్లు ముందు ఒక చిత్తుకాగితం మడిచి, పెన్సిల్‌తో అంకెలు వేసుకుని, విప్పి ఎదురుగా పెట్టుకుంటారు. దాన్ని డమ్మీ అంటారు. నేను తెలివిగలవాడిని కాను, గొప్పవాడిని. డమ్మీ కట్టడం నాకు నామోషీ. "డమ్మీ ఎందుకూ, నా తలకాయ ఉండగా" అని ఊరంతా చెప్పుకునేవాడిని. మా ఓనరు కూడా వచ్చిన వాళ్లకు నన్ను చూపించి, "ఈయన కళ్లు మూసుకుని అతికిస్తాడు" అని మురిసిపోయేవాడు. ఆయన మాట నేను అక్షరాలా నిజం చేశాను లెండి.

ఒక వేసవిలో ఆళ్లగడ్డ వైపు నుంచి ఒక చెక్కభజన గురువు వచ్చాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన దగ్గర గజ్జె కట్టనివాళ్లు అరుదు. పొడుగు మనిషి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. మనిషిని చూస్తే గొంతు గంటలా మోగుతుందనిపిస్తుంది, నోరు తెరిస్తే మాత్రం బొంగురు. గొంతులో ఏదో లేచిందనీ, ఇక గట్టిగా పాడకూడదనీ డాక్టరు చెప్పాడట. వెంట ఆయన శిష్యుడు, ఆళ్లగడ్డలో టైలరు, ఒక లావు నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు. గురువు చెబుతుంటే తాను రాసుకున్న పాటలు.

"అరవై నాలుగు పాటలప్పా," అన్నాడు గురువు నాతో. "యాభై ఆరు మా గురువు ఇచ్చినవి. ఏడు నేను కట్టినవి, ఇంతవరకూ ఎవురి నోటా పలకలే. ఆఖర్న మంగళం. పాటకొక పేజీ పెట్టండి."

"మీరు కట్టినవి మీరే నేర్పించవచ్చు కదా సామీ?"

"గొంతు యాడుంది? అందుకే పుస్తకం. పాట మీద వరస రాపిచ్చినా, ఫలానా పాట మాదిరి పాడాలని. పిల్లోళ్లు సూసి పాడితే, నేను కూసోని ఇంటా. సచ్చేలోపల ఒక్కతూరి ఇనాల."

తొలి ఏకాదశికి ఆళ్లగడ్డలో పన్నెండు ఊళ్ల జట్లను కలిపి పగలంతా భజన పెట్టుకున్నారు. పుస్తకం ఆ రోజుకు అందాలి. భజనకు వాళ్ల కట్టుబాటు ఒకటి ఉంది, అది కూడా ఆయనే చెప్పాడు. మంగళం పాడితే ఆ రోజుకు భజన ముగిసినట్టే. గజ్జెలు విప్పాల్సిందే. ఒకసారి విప్పిన గజ్జె పొద్దు మారితే గానీ మళ్లీ కట్టకూడదు. ఆ మాట నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

పేజీ చుట్టూ పూలతీగ అంచు కావాలని శిష్యుడు ముచ్చటపడ్డాడు. అంచు వేస్తే కింద పేజీ నంబరుకు చోటు చాల్లేదు. మా డీటీపీ అమ్మాయి నన్ను అడిగింది, "అంచు తగ్గించి నంబరు వేయమంటారా సార్?" అని.

"నంబరు ఎందుకమ్మా? అందంగా ఉన్న పేజీకి దిష్టిచుక్కలాగా! నంబర్లన్నీ ఇక్కడున్నాయి," అని నుదురు చూపించాను. ఆ అమ్మాయి నా నుదురు చూసి, ఏమనుకుందో గానీ, సరేనంది. విడిపేజీలను శిష్యుడు నోటుబుక్కుతో సరిపోల్చి అక్షరదోషాలు దిద్దిచ్చాడు. వాటిలో తప్పేమీ లేదు.

తప్పు నాలుగో ఫారంలో జరిగింది. నలభై తొమ్మిది నుంచి అరవై నాలుగు దాకా. ఆ పూట నేను డీటీపీ అమ్మాయికి నా గొప్పతనం వివరిస్తున్నాను. ఒకసారి కరెంటు పోతే చీకట్లో ఎలా ఫారం కట్టానో చెబుతుంటే, చెయ్యి దాని పాటికి అతికించుకుంటూ పోయింది. ఆ షీటులో యాభై ఏడో పేజీ, అరవై నాలుగో పేజీ తలకు తల ఆనించి ఉంటాయి. వాటిని తారుమారు చేశాను. నంబర్లు ఉంటే పక్క పేజీతో కూడి చూసినా తెలిసేది. లేవు కదా, అందంగా ఉంది కదా.

మెషిను మీద మొదట వచ్చిన షీట్లు మడిచి, ప్రూఫు చూడటానికి గురువును పిలిపించాం. శిష్యుడు, "నేను కూడా ఒకసారి సూస్తా సామీ" అని ఏదో నసిగాడు. గురువు ఒప్పుకోలేదు.

"నేనే సూస్తా. నా పాట నాకు తెల్దా?"

శిష్యుడు బయటికి పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గురువు బెంచీ మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. ఒక్కో పేజీ తిప్పడం, ఆ పాట పల్లవి బొంగురు గొంతుతో కూనిరాగం తీయడం, తల ఊపడం, మళ్లీ తిప్పడం. మెషిను ఆపేసి అందరం వింటూ నిలబడ్డాం. కళ్లద్దాలు పెట్టుకోలేదు, చూపు ఒక్కోసారి పేజీ మీద కాక గోడ మీద ఉంది. అయినా పేజీకి పాట, పాటకు పేజీ, ఎక్కడా తడబాటు లేదు. "ఎంత ధారణ!" అని నేను కళ్లొత్తుకున్నాను కూడా. అరవై నాలుగూ అయ్యాక, ఒక్కో అక్షరాన్నీ బతిమాలుతున్నట్టు నింపాదిగా సంతకం పెట్టి ఇచ్చాడు. ఐదువందల పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి, ఏకాదశి ముందురోజే ఆళ్లగడ్డకు పంపించాం.

ఇక మా బైండింగ్ అక్క గురించి చెప్పాలి. నా కంటే పెద్దది, ఫారాలు మడిచి, కుట్టే పని. బళ్లో రెండో తరగతి దాటలేదు గానీ, ప్రతి పుస్తకంలో ఒక పాడైన కాపీ దాచుకుని, టిఫిన్ తింటూ కూడబలుక్కుని చదివేది. అన్ని పుస్తకాలు వేశామని మేం గొప్పలు పోయేవాళ్లం గానీ, మా ప్రెస్సులో అచ్చయిన వాటిని నిజంగా చదివిన మనిషి ఆమె ఒక్కతే. ఏకాదశి పొద్దున ఆమె ఉగ్గాని తింటూ నన్ను కేకేసింది.

"ఏమప్పా, ఈ పాటల పుస్తకంలో మంగళం నడుమన పెట్టినారే? ఇదేమన్నా కొత్త పద్ధతా?"

"మంగళం చివర్న ఉంటుందక్కా. సరిగా చూడు."

"నేను సరిగానే సూస్తాండా. నువ్వే సూడు."

చూశాను. యాభై ఆరు పాత పాటలు అయిపోయాయి, ఎదురు పేజీలోనే మంగళం. దాని తర్వాత ఆరు పాటలు. ఆఖరి పేజీలో గురువు కట్టిన మొదటి పాట. ఘోరం ఏమిటంటే, చూసినవాడికి తప్పులా కూడా కనిపించదు. ఎప్పుడూ యాభై ఆరు పాడి మంగళం పాడటమే వాళ్లకు అలవాటు. పుస్తకం చూసి అలాగే పాడేస్తారు, గజ్జెలు విప్పేస్తారు. ఆ ఏడు పాటలు ఏదో అనుబంధంలాగా అట్టలోపల పడి ఉంటాయి. చచ్చేలోపల ఒక్కసారి వినాలన్న ముసలాయన వినకుండానే ఇంటికి పోతాడు.

"గురువే చూసి సంతకం పెట్టాడక్కా!" అన్నాను, గోడకు చేరగిలబడి.

"ఎవురు సూస్తే ఏమి, కట్టింది నువ్వు గదా. భజన ఈ పొద్దే గదా? పోతాండావా, ల్యాకుంటే గోడకు ఆనుకోనే ఉంటావా?"

ఫోన్ చేస్తే శిష్యుడు ఎత్తలేదు. బస్టాండుకు పరుగెత్తి దొరికిన బస్సెక్కాను. దారిలో శిరివెళ్ల దాటేదాకా గురువును తిట్టుకున్నాను. కళ్లు కనపడకపోతే ఒప్పుకోవచ్చు కదా! శిరివెళ్ల దాటాక నన్ను నేను తిట్టుకున్నాను. రెండూ కలిసి ఆళ్లగడ్డ దాకా సరిపోయాయి.

కల్యాణ మండపం వెనక షామియానా వేశారు. పన్నెండు జట్లు వలయాలుగా నిలబడి చెక్కలు మోగిస్తున్నాయి, గజ్జెల చప్పుడుకు నేల అదురుతోంది. జట్టు పెద్దలు వంతులవారీగా మైకు ముందు నిలబడి కొత్త పుస్తకం చూసి పాట చెబుతుంటే తక్కినవాళ్లు అందుకుంటున్నారు. మైకు పక్కన శిష్యుడు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. ఎండ అనుకున్నాను. పాట నలభై దాటింది. గురువు వేదిక పక్కన చాపమీద కూర్చుని తొడమీద తాళం వేస్తున్నాడు. నన్ను చూసి మొహమంతా విప్పారింది.

"వస్తివా అప్పా! కూసో, కూసో. నా ఏడు పాటలూ ఇని పోదువుగానీ."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. పక్కన కూర్చుని చెవిలో చెప్పాను. మంగళం యాభై ఏడో పేజీలో పడింది సామీ, మీ మొదటి పాట చివరికి పోయింది, తప్పు నాదే. ఆయన తాళం ఆపేశాడు.

"నేను సూసినా గదప్పా."

"చూశారు సామీ. అదే నాకూ అర్థం కావడం లేదు. ఆ పేజీ తెరిచి మీరు వేరే పాట పాడారు."

ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, చెక్కల మోతలో నాకొక్కడికే వినపడేటట్టు అన్నాడు.

"నాకు సదువు రాదప్పా. సంతకం ఒగటి నేర్సుకున్యా. యాభై ఏండ్లుగా ఎవురికీ తెల్దు, మా ఇంటామెకు తప్ప. ఇంతమందికి గురువునంటిని, రాదని ఎట్లా సెప్పేది?"

నాకు ప్రెస్సులో ఆ బెంచీ మీద పేజీలు తిప్పిన మనిషి గుర్తొచ్చాడు. పుస్తకం చదవలేదు, ఎదలో ఉన్నది అప్పజెప్పాడు. నేనేమో పేజీలు చూడకుండా అతికించాను. ఇద్దరమూ కళ్లు మూసుకునే పని చేశాం. ఆయనకైతే ఒక కారణం ఉంది.

"మరి నాదీ చెబుతా సామీ," అన్నాను. "నేను డమ్మీ కట్టలేదు. పేజీలకు అంకెలు కూడా వద్దన్నాను, అందం చెడుతుందని."

ఆయన గిరుక్కున తిరిగాడు.

"అంకెలా? అంకెలు నాకొచ్చునే! ఫోను నంబరు కొట్టుకునేది నేనేనప్పా. కేలండరు సూస్తా. నువ్వు అంకెలేసింటే వరస తప్పింది నేనే పట్టుకుంటాంటి గదా!"

చెంప మీద కొట్టినా అంత తగలదు. అక్షరాలు రాని మనిషి పట్టుకోగలిగిన తప్పును, అన్నీ వచ్చిన నేను పట్టుకునే వీల్లేకుండా చేశాను. అవతల నలభై ఎనిమిదో పాట నడుస్తోంది.

"సామీ, నేను మైకులో చెబుతాను. మీరు సరిగానే చూసిచ్చారని, ఆ తర్వాత ప్రెస్సులో నేనే మార్చేశానని."

వద్దంటాడేమో, నిజమే చెబుతానంటాడేమో అని ఒక క్షణం ఎదురుచూశాను. పెద్దలు అలాంటివి చేస్తారని మనకు నమ్మకం కదా. ఆయన మాత్రం వెంటనే, "అట్లనే సెప్పు. గట్టిగా సెప్పు, ఆ చివర కోయిలకుంట్ల వాళ్లకు ఇనపడదు," అన్నాడు.

పాట ఆగగానే మైకు అందుకున్నాను. గురువుగారు పేజీలన్నీ సరిచూసి సంతకం చేసిచ్చారు, ఆ తర్వాత మా ప్రెస్సులో నా పొరపాటు వల్ల మంగళం ముందుకొచ్చింది, దయచేసి క్షమించండి అన్నాను. ముగించకముందే శిష్యుడు నా మీదికి వచ్చాడు.

"ఏమన్నా, మా గురువు అచ్చరం అచ్చరం సూసి సంతకం పెట్టిచ్చినాక మార్సేదానికి నువ్వెవురు? ఇదేనా నీ పనితనం? తలకాయ యాడ పెట్టుకోని పని సేస్తాండావ్?"

అది కూడా మైకులోనే. జనం గొల్లుమన్నారు. పన్నెండు ఊళ్ల వాళ్లు తలా ఒక మాట అన్నారు. "ఈయనేనా కళ్లు మూసుకోని అతికించేది?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మా ఓనరు ప్రచారం అంత దూరం పోయిందని నాకు అప్పుడే తెలిసింది. గురువు చాపమీద కూర్చుని, పోనీలెమ్మన్నట్టు పెద్దమనసుతో చెయ్యి ఊపుతున్నాడు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది.

సరే, తప్పు దిద్దాలి కదా. "యాభై ఏడో పేజీ తీయండి" అన్నాను. ఒకరూ తీయలేదు. ఏదని తీస్తారు, అంకెలేవీ? మడతలు తప్ప నాకు వచ్చిన విద్య వేరే లేదు. మంగళం ఉన్న పేజీ పై మూల మడవమన్నాను. ఆఖరి పేజీ కింది మూల మడవమన్నాను. యాభై ఆరు కాగానే కింది మడత, ఆ పాట అయ్యాక వెనక్కొచ్చి మంగళం దాటుకుని ఆరు పాటలు, అవయ్యాక పై మడత. రెండు సార్లు చెప్పించుకున్నారు. ఒక జట్టు పెద్ద రెండూ పైనే మడిచి, ఏది ఏదని నన్నే అడిగాడు.

పొద్దు వాలుతుండగా ఏడు పాటలూ పాడారు. మొదటి పాటకు గురువు పెదవులు కదిలించాడు. రెండో పాట నుంచి అదీ మానేసి, కళ్లు మూసుకుని విన్నాడు. ఏడో పాట అయ్యేసరికి తువ్వాలు తడిసిపోయింది. మంగళం పాడి, గజ్జెలు విప్పి, అందరూ ఆయన కాళ్లకు మొక్కి పోయారు. తెలియక నా కాళ్లకు కూడా ఒకాయన మొక్కబోయి, మొహం చూసి ఆగిపోయాడు.

మరుసటి ఏడు పుస్తకాలు చాలక మళ్లీ వేయించుకోవడానికి వచ్చారు. నేను రిటైరయ్యే ముందు కట్టిన ఆఖరి పుస్తకం అదే. అంచు సన్నం చేసి, కింద పెద్ద అంకెలు వేయించాను. గురువు ఎదురుగానే పాత కేలండరు కాగితం మడిచి, అంకెలు వేసి డమ్మీ కట్టాను. మా డీటీపీ అమ్మాయి ఎందుకో దగ్గుతూ బయటికి పోయింది.

ప్రూఫు మడిచి ఇస్తే గురువు అదే బెంచీ మీద కూర్చున్నాడు. ఈసారి చూపు గోడ మీదికి పోలేదు. పేజీ అడుగున వేలు పెట్టి, "ఒగటి" అని చదివి, పల్లవి అని, తిప్పి, "రెండు" అన్నాడు. యాభై ఏడు దగ్గర ఆగి ఓరగా నన్ను చూశాడు. నేను పైకప్పు చూశాను. అరవై నాలుగూ అయ్యాక, ప్రూఫును పక్కనున్న శిష్యుడి చేతిలో పెట్టాడు.

"అంకెలు సరిపోయినాయి. అచ్చరాలు నువ్వు సూడు. నాకు రావు గదా."

చాలా మామూలుగా అన్నాడు. ప్రెస్సులో మెషిను తప్ప అందరం గతుక్కుమన్నాం. శిష్యుడు మాత్రం ప్రూఫు విప్పుతూ, "సూస్తా సామీ," అన్నాడు.

గురువు అతని వైపు తేరిపార చూశాడు. "నీకు తెల్సా?"

"ఎప్పుడో తెల్సు సామీ. పాట సెప్పి, 'మళ్లా సదువు' అనేటోళ్లు గానీ, ఒక్కతూరన్నా నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నారా? మన జట్టోళ్లకు అందరికీ తెల్సు." అని నా వైపు తిరిగాడు. "ఏకాదశి పొద్దున్నే నేను పుస్తకం తిప్పి సూసినా అన్నా. మంగళం నడుమన కనపడింది. సెప్తే సామి పరువు పోతాది, సెప్పకుంటే ఏడు పాటలూ పోతాయి. ఏమి సెయ్యాల్నో తెల్లేక సస్తాంటే, నువ్వు బస్సు దిగి వస్తివి. తప్పు నీదేనంటివి. అందుకే గట్టిగా తిట్టినా, నలుగురూ నమ్మాల గదా. ఏమీ అనుకోవద్దు."

అంటే ఆ రోజు షామియానా కింద గురువు పరువు కాపాడాననుకున్నది నేనొక్కడినే. జట్టువాళ్లందరూ కలిసి దాన్ని యాభై ఏళ్లుగా మోస్తున్నారు. నన్ను తిట్టిన తిట్లన్నీ ఆయన కోసమేనని తెలిశాక, అవి నాకు కొంచెం తీపెక్కాయని ఒప్పుకుంటాను.

గురువు బల్ల మీదున్న నా డమ్మీ అందుకుని, ఒక్కో మడతా విప్పి, ఒకటి నుంచి పదహారు దాకా వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ మడిచి నా చేతికిచ్చాడు.

"పరవాల్యా అప్పా," అన్నాడు. "నువ్వు గూడా సదువు నేర్సుకుంటివి."